పేపర్లో పడాలండి

పాలకొల్లులో నేను ఒక దినపత్రికకి విలేకరిగా పనిచేసిన రోజుల్లో, ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయంటే మా అరుగు కింద చెప్పుల జతలు పెరిగేవి. 1989లో ఈనాడు జిల్లా పేజీలు మొదలుపెట్టాక మిగతా పత్రికలూ ఆ దారి పట్టక తప్పలేదు. అంతకుముందు పేపరంటే ఢిల్లీ, హైదరాబాదు. ఆ తర్వాత మా కాలవ గట్టు, మా రేషను షాపు, మా పిల్లల మార్కులు. పేపరు మన వీధిలోకి దిగిందని తెలిశాక మనుషులు ఊరుకుంటారా?

వచ్చే తండ్రి చేతిలో తెల్లకవరు ఉండేది. అందులో పాస్‌పోర్టు సైజు ఫోటో, ఫోటో వెనకాల పెన్నుతో పేరు, గ్రూపు, మార్కులు. 1000కి 900 దాటినవాళ్ళు మెట్లెక్కుతూనే చెప్పేసేవాళ్ళు. 850 దగ్గర ఆగినవాళ్ళు ముందు మంచినీళ్ళు అడిగి, ఎండల గురించి కాసేపు మాట్లాడి, ఆ తర్వాత కవరు బయటికి తీసేవాళ్ళు. "ఆయ్, ఏం లేదండి, మావాడికి ఏదో వచ్చాయండి. మీ వీలుని బట్టి చూడండి. పేపర్లో పడాలండి." నేను రాసేది నాలుగు లైన్లు. పిల్లాడి పేరు, తండ్రి పేరు, కాలేజీ, మార్కులు. తల్లి పేరు రాయమని అడిగినవాళ్ళు నాకు గుర్తు లేరు. ఆ ఫోటోలన్నీ న్యూస్ కవర్లో పెట్టి సాయంత్రం బస్సు కండక్టరు చేతికిస్తే ఆఫీసుకి చేరేవి. మాకు జీతం లేదు, లైన్ల లెక్కన డబ్బులు. అచ్చయిన ముక్కలు కత్తిరించి కాగితాల మీద అంటించి నెలాఖరుకి పంపాలి. కాబట్టి ఊళ్ళో పిల్లలు బాగా చదివితే నాకూ ఎంతో కొంత గిట్టేదన్న మాట.

తండ్రులు కవరు పట్టుకొస్తే తల్లులు దాన్ని ఆపడానికి చూసేవాళ్ళు. ఒకాయన కవరిచ్చి వెళ్ళాక, చీకటి పడే వేళకి ఆయన భార్య రిక్షాలో వచ్చింది. "ఆ ఫోటో ఇచ్చెయ్యండి బాబూ. ఆయన అడిగితే ఎక్కడో పడిపోయిందని చెప్పండి. ఊరందరి కళ్ళూ పిల్లాడి మీదే ఉంటాయి" అంది. అప్పటికి బస్సు వెళ్ళిపోయింది. తెల్లారి ఫోటో పడింది. ఆ వారంలోనే పిల్లాడికి జ్వరం తగిలింది. ఆ వీధిలో ఇంటికొకరు జ్వరంతో పడుకుని ఉన్నారని చెప్పినా ఆవిడ వినలేదు. ఎండు మిరపకాయలు, కల్లుప్పు దిగదుడిచి నిప్పుల్లో వేస్తే ఘాటు రాలేదట. ఘాటు రాకపోతే దిష్టి గట్టిదని లెక్క. చాలాకాలం ఆవిడ నన్ను చూసి పక్కకి తిరిగి వెళ్ళేది.

మగవాళ్ళకీ భయం లేదనుకోకండి. కన్నవాళ్ళు నోరారా పొగిడితే పిల్లలకి ఆయుక్షీణం అని వాళ్ళూ చిన్నప్పుడు విన్నవాళ్ళే. అందుకే పిల్లాడి ముందు ఒక్క మంచి మాట అనకుండా, నా దగ్గరికొచ్చి అచ్చు వేయించుకునేవాళ్ళు. అచ్చు పొగడ్త కింద రాదనుకున్నారేమో. ఎల్.ఐ.సి. ఏజెంటు ఒకాయన దీనికి శాస్త్రం కూడా చెప్పాడు. సుమతీ శతకంలో పుత్రోత్సాహం పద్యం మా తరానికి కంఠతా వచ్చు. కొడుకు పుట్టినప్పటికంటే, వాణ్ణి పదిమంది మెచ్చుకున్న రోజే తండ్రికి అసలు సంతోషం అంటాడు బద్దెన. "బాగానే ఉందండి. కానీ ఆ పదిమందికీ సంగతి ఎవరు చెప్పాలండి? అది బద్దెన రాయలేదు కదండి. అందుకే మీ దగ్గరికి వచ్చాను" అన్నాడు. దానికి నేను జవాబు చెప్పలేకపోయాను. ఆయన వార్త మర్నాడే పడింది.

1990ల మొదట్లో ఒక లెక్కల మాస్టారి అబ్బాయికి ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చింది. ఎంసెట్ అప్పటికి ఇంకా కొత్తే, 1986లో మొదలైంది.  మా వైపు ఇళ్ళల్లో ఆ పరీక్ష పేరుని దేవుడి పేరంత మర్యాదగా పలికేవాళ్ళు. మాస్టారు నా దగ్గరికి రాలేదు. ఎస్.టి.డి. బూత్ కుర్రాడు చెబితే నేనే వాళ్ళింటికి వెళ్ళాను. వరండాలో చాప మీద ట్యూషను పిల్లలు కూర్చుని ఉన్నారు.

"మాస్టారూ, మీ అబ్బాయికి..."

"ఎవరు చెప్పారండీ మీకు?"

"ఊరంతా అనుకుంటున్నారు."

"ఏదో వచ్చింది లెండి. దానికేముంది? ఇంకా చాలా ఉంది."

ఫోటో అడిగాను. "ఫోటోలెందుకండీ, ఏదైనా సాధించాక చూద్దాం" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు అబ్బాయి నాకోసం మజ్జిగ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే ఉన్నాడు. గ్లాసు నా చేతికిచ్చి లోపలికి వెళ్ళిపోయాడు. మజ్జిగ తాగుతూ చాప వైపు చూశాను. ఆ కూర్చున్నవాళ్ళలో ఇద్దరు అదే పరీక్ష రాసి ర్యాంకు రానివాళ్ళు. ఒకడు నోటుబుక్కు తెరిచి అదే పేజీ చూస్తున్నాడు, ఎంతసేపటికీ తిప్పడు. మాస్టారు ఎందుకు నోరు విప్పలేదో నాకు తెలిసింది. బయటికొచ్చి సైకిలెక్కుతూ, పెద్దమనిషి అనుకున్నాను. ఇప్పటికీ అదే అంటాను.

ఆ అబ్బాయి అమెరికాలో స్థిరపడ్డాడు. మాస్టారు పోయినప్పుడు వచ్చాడు. పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, "మీకు మజ్జిగ ఇచ్చింది నేనేనండి" అన్నాడు. గుర్తుందన్నాను. "ఉద్యోగంలో ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా నాకు ఆ మాటే వినపడుద్దండి, ఇంకా చాలా ఉంది అని. ఎంత ఉందో మాత్రం ఆయన చెప్పలేదు." నేను చాప మీద కూర్చున్న ఆ ఇద్దరి సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి అన్నాడు: "ఎనిమిదింటికి ట్యూషను అయిపోయేదండి. వాళ్ళు వెళ్ళాక చెప్పొచ్చు కదా."

సినిమాలో అయితే మాస్టారి ట్రంకు పెట్టెలో కొడుకు ర్యాంకు పడిన పేపరు ముక్క దొరకాలి. అది నేనూ అడిగాను. పాత కరెంటు బిల్లులు, ట్యూషను హాజరు పుస్తకాలు ఉన్నాయట, అంతే.

ఆ రోజు నుంచి ఈ విషయం నాకు వేరేగా కనబడుతోంది. ఊరికి చెప్పాలా వద్దా అని మనం వాదించుకుంటాం. డప్పు కొట్టేవాళ్ళని చూసి నవ్వుతాం, నోరు మెదపనివాళ్ళని చూసి చేతులు జోడిస్తాం. ఈ రెండు రకాల ఇళ్ళల్లోనూ నేను కాఫీలు తాగాను. ఎక్కువ ఇళ్ళల్లో ఆ మాట చేరనిది పిల్లలకే. కవరు పట్టుకుని నా అరుగెక్కిన తండ్రుల్లో ఎంతమంది ముందు పిల్లాణ్ణి కూర్చోబెట్టి "బాగా రాశావురా" అన్నారో నాకు అనుమానమే. తమ మార్కులు చూసి నాన్న సంతోషించాడని కొందరు పిల్లలు మా పేపర్లో చదివే తెలుసుకున్నారు.

ఆడపిల్లల సంగతి వేరు. పుత్రోత్సాహానికి పద్యం ఉంది, పుత్రికోత్సాహానికి ఎవరూ రాసిపెట్టలేదు. నరసాపురం రోడ్డులో ఒక ఊళ్ళో పదో తరగతిలో ఒక అమ్మాయి మండలం మొత్తానికి మొదటి స్థానంలో వచ్చింది. తల్లి లేసు అల్లే మనిషి. మా ప్రాంతంలో ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళ చేతికి నాలుగు డబ్బులు ఆ లేసు అల్లకంతోనే వచ్చేవి. నేను వెళ్ళేసరికి ఆవిడ గుమ్మంలో కూర్చుని కొక్కెం, దారం పట్టుకుని ఉంది. పని ఆపకుండానే చెప్పింది: "ఫోటో వద్దండి. పేరు కూడా వద్దు. రేపు సంబంధాలు చూడాలి. పేపర్లో పడిన పిల్ల అంటారు." మాది నేరాల పేజీ కాదమ్మా అని చెప్పి చూశాను. ఆవిడ దృష్టిలో పేపరంటే పేపరే. ఇంతలో గది లోపలి నుంచి గొంతు వినపడింది: "పేరు వెయ్యండి మాస్టారూ. ఇంటిపేరుతో సహా వెయ్యండి." తల్లి అల్లడం ఆపింది. కూతురు బయటికి రాలేదు, ఇంకో మాట అనలేదు. ఫోటో లేకుండా ఇంటిపేరుతో సహా వేశాను. 600కి వచ్చిన మార్కులూ వేశాను. తెల్లారి ఆ తల్లి నాలుగు పేపర్లు కొనుక్కెళ్ళిందని ఏజెంటు చెప్పాడు.

ఎల్.ఐ.సి. ఏజెంటు గారి కథ ఇంకా అవలేదు. పెద్దబ్బాయి మార్కుల జాబితా జిరాక్సు తీయించి, ప్లాస్టిక్ లామినేషన్ చేయించి, పాలసీ కాగితాల సంచిలోనే పెట్టుకు తిరిగేవాడు. పాలసీ చూపించేముందు అది చూపించేవాడు. వ్యాపారానికి పనికొచ్చిందనే చెప్పాలి. తర్వాతి ఏడు రెండోవాడు ఫిజిక్సు తప్పాడు. ఆయన టీకొట్టుకి రావడం మానేశాడు. తప్పినవాడు మాత్రం రోజూ వచ్చేవాడు, ఇన్‌స్టంట్ పరీక్షకి ఫీజు కట్టాలి కదా, బజారుకి రాక తప్పదు. టీకొట్టు దగ్గర ఎవరో "మీ నాన్న సంచిలో నీది కూడా పెట్టాడా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ అక్కడే ఉన్నాను. వాడు కూడా నవ్వి, అప్పు పుస్తకంలో సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. ఇన్‌స్టంట్‌లో పాసయ్యాడు. ఆ మార్కుల జాబితాని లామినేషన్ చేయించలేదు.

ఆ తర్వాత అమెరికాల కాలం వచ్చింది. మార్కులు పోయి వీసాలు, జీతాలు వచ్చాయి. నెలకి ఎన్ని డాలర్లో చెప్పి, దాన్ని రూపాయల్లోకి మార్చి కూడా చెప్పేవాళ్ళు, మనకి లెక్క రాదనుకుని. 2001లో అక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీలు మనుషుల్ని తీసేసినప్పుడు బెంచ్ అనే మాట మా ఊళ్ళో అందరికీ అర్థమైంది. నడకకి వచ్చే గుంపులో కొందరు వేళలు మార్చుకున్నారు. ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. పిల్లల జీతాల్ని బట్టి తండ్రులు నడక వేళలు మార్చుకోవడం నేను కళ్ళారా చూశాను.

కాలేజీలు కనిపెట్టిన పద్ధతుల ముందు తల్లిదండ్రులు ఎంత? రంగుల ఫ్లెక్సీలు వచ్చాక బస్టాండు చుట్టూ పిల్లల మొహాలే. టీవీల్లో ఒకటి, ఒకటి, రెండు, మూడు అంటూ ఊపిరి తీసుకోకుండా ర్యాంకులు అరిచే ప్రకటన వినని తెలుగువాడు ఉండడు. 2012లో పదో తరగతిలో మార్కులు తీసేసి గ్రేడ్లు పెట్టారు, పోటీ తగ్గుతుందని. మావాళ్ళు 10కి 10 అనే కొత్త పాట నేర్చుకున్నారు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్ళీ మార్కులు తెచ్చినప్పుడు, ర్యాంకులంటూ బళ్ళు ప్రకటనలు ఇవ్వకూడదని ప్రభుత్వం ఆదేశాలిచ్చింది. 1997 నాటి పరీక్షల చట్టం కింద మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్ళు నా అరుగెక్కినవాళ్ళ మీద ఆ చట్టం పెడితే పాలకొల్లులో సగం మంది లోపలే ఉండేవాళ్ళు. ప్రభుత్వం ఆపగలిగింది బళ్ళని. స్టేటస్ పెట్టే తండ్రిని ఎవరు ఆపుతారు? ఈమధ్య పదో తరగతి చదివే మా వీధి పిల్ల ఒకతె వాళ్ళ నాన్న ఫోన్ లాక్కుని, స్టేటస్‌లోంచి తన మార్కుల స్క్రీన్‌షాట్ తీసేయడం చూశాను. 590 పైనే వచ్చాయి. "నా ఫ్రెండు ఫెయిలైంది, అది చూస్తుంది నాన్నా" అంది. మాస్టారు వరండాలో చేసిన పని ఇది. కాకపోతే ఈసారి చేసింది పిల్ల, తనకి తానుగా.

ఇన్నేళ్ళలో పిల్లల గురించి చెబుతుంటే నేను కదలకుండా విన్న తండ్రి ఒకడున్నాడు. కొబ్బరి దింపు కార్మికుడు. వాళ్ళబ్బాయి పదో తరగతి తప్పి, మళ్ళీ తప్పి, మోటారు వైండింగ్ షాపులో చేరాడు. మా చుట్టుపక్కల వరిచేలు చాలావరకు రొయ్యల చెరువులైపోయిన కాలం. చెరువుల్లో రాత్రంతా ఏరియేటర్లు తిరగాలి. నీళ్ళల్లో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది, ఆ వేళకి ఏరియేటర్ ఆగితే రొయ్య పైకి తేలిపోతుంది. పంట మొత్తం ఒక్క రాత్రిలో పోయినవాళ్ళు మా దగ్గర ఉన్నారు.

టీకొట్టు బల్ల మీద కూర్చుని అతను చెప్పడం మొదలుపెట్టాడు. "రాత్రి తొమ్మిదింటికి ఆసామి మోటార్లు ట్రాక్టర్లో వేసుకొచ్చేశాడండి. కరెంటు హెచ్చుతగ్గులకి కాలిపోయాయండి. మావాడు అన్నం ముందు కూర్చున్నాడు, లేచేశాడు. కాలిన తీగంతా కోసేశాడండి. పాత చుట్లు లెక్కెట్టాడు, మొద్దు తీగా సన్న తీగా అని గేజీ చూశాడు, కొత్త రాగి తీగ చుట్టాడు. ఎన్ని చుట్లో నోటితో లెక్కెడతాడండి, మధ్యలో పలకరిస్తే ఊరుకోడు. మళ్ళీ మొదట్నుంచి లెక్కెట్టాలి కదండి. వార్నిష్ పోసి, ఆరడానికి పెద్ద బల్బులు ఏలాడదీశాడు. నేను పక్కన కూర్చుని టార్చి పట్టుకున్నానండి, అంతే నేను చేసింది." టీకొట్టు ఓనరు పాలు పొంగుతున్నా చూడలేదు. "మూడున్నరకి తీసుకెళ్ళి బిగించారండి. నేనూ వెళ్ళాను. గట్టు మీద నిలబడ్డాం. తిరిగిందండి."

"రొయ్య నిలబడిందా?" అని బెంచీ చివర ఒకాయన అడిగాడు.

"నిలబడిందండి. ఆసామి మావాడికి డబ్బులు ఎక్కువిస్తానన్నాడు. వాడు మామూలు రేటే తీసుకున్నాడు. అదొక్కటే నాకు నచ్చలేదండి."

అందరం నవ్వాం. ఎవరికీ వాళ్ళ పిల్లాడు గుర్తుకొచ్చి కడుపు మండలేదు. ఎంత తీగ, ఏ గేజీ, వార్నిష్ ఎక్కడ దొరుకుద్ది అని అడిగారు. ర్యాంకు చెబితే వినేవాడి దగ్గర అడగడానికి ఏమీ ఉండదు. తన పిల్లాడి ర్యాంకు దాచుకోవడం తప్ప చేసేదీ ఉండదు. పని చెబితే మాట నడుస్తుంది. ఈ కొబ్బరి దింపు మనిషి కొడుకుని పొగడలేదు, కొడుకు పక్కన టార్చి పట్టుకుని కూర్చున్న రాత్రిని చెప్పాడు. దాన్ని వార్తగా రాద్దామనుకున్నాను. మా పేపర్లో దానికి శీర్షిక లేదు. పాస్‌పోర్టు ఫోటో, 1000కి ఎన్ని అనే నాలుగు లైన్లలో అది పట్టదు.

నాకూ ఒక కూతురుంది. భీమవరంలో రొయ్య పిల్లల్ని పరీక్షించే ల్యాబులో పనిచేస్తుంది. చెరువులో పిల్ల వేసేముందు దానికి తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో పీసీఆర్ పరీక్షలో చూసి చెబుతుంది. ఎం.ఎస్సీ.లో దాని మార్కులు బాగుండేవి, అవి చెప్పను. జీతం చెప్పొద్దని అదే అంది. మిగతాది నీ ఇష్టం నాన్నా అంది కాబట్టి మిగతాది చెబుతున్నాను. రొయ్య పిల్లని ఎలా నూరుతారో, యంత్రంలో వేడెక్కించి చల్లార్చి మళ్ళీ వేడెక్కించి ఏం చూస్తారో, గీత వస్తే ఏమిటో రాకపోతే ఏమిటో, దాన్నడిగి తెలుసుకుని టీకొట్టు దగ్గర చెప్పాను. అందరూ బాగా విన్నారు. మరీ బాగా విన్నారు. మర్నాడు ఉదయం ఆరింటికి ఒక రైతు ఆక్సిజన్ పట్టిన ప్లాస్టిక్ సంచిలో రొయ్య పిల్లల్ని తెచ్చి మా అరుగు మీద పెట్టాడు. వారం తిరక్కుండా ఇంకొకాయన. మూడో సంచి వచ్చిన రోజు మా అమ్మాయికి ఫోన్ చేశాను.

"నాన్నా, నా గురించి చెప్పు, వద్దనను. కానీ చెప్పినప్పుడల్లా ల్యాబు అడ్రసు కూడా చెప్పు. ఆదివారం సెలవని కూడా చెప్పు" అంది.